చిన్న గది తప్ప

ఫిబ్రవరి 3

వంటగట్టు మాదైంది.

మాదైంది అంటే మొత్తం కాదు. ఈ నెల కొన్న భాగానికి నేను వంటగట్టు అని పేరు పెట్టాను. పోయిన నెల కుళాయి. అంతకుముందు నెల గుమ్మం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. మేం పెళ్లి టోకున చేసుకుని, ఇల్లు చిల్లరగా కొనుక్కుంటున్నాం.

అక్కకి ఇవాళ ఫోనులో మళ్లీ మొదటినుంచీ చెప్పాను. బ్యాంకు లోను తీసుకుంటే వడ్డీ కట్టాలి, వడ్డీ మనకి హరామ్. అందుకని ఈయన పనిచేసే ఫైనాన్స్ కంపెనీ, మేమూ కలిసి ఈ ఇల్లు కొన్నాం. ఇల్లు వంద భాగాలు. మావి కొన్ని, మిగతావి కంపెనీవి. కంపెనీ భాగాలకి మేం అద్దె కడతాం. నెలనెలా మూడో తారీకు లోపల ఒక భాగం కొంటాం, అద్దె ఆ మేరకు తగ్గుతుంది. ఇల్లు కూలితే నష్టం కూడా ఎవరి భాగం కొద్దీ వాళ్లదే. అక్క అంతా విని, ఇంతకీ మీరు ఓనర్లా అద్దెకున్నవాళ్లా తేల్చి చెప్పవే అంది. రెండూనే అన్నాను. ఆయన్ని చేసుకున్నాక నీకు తిన్నగా మాట్లాడటం పోయింది అంది.

ఫిబ్రవరి 8

మా ఆడిటరు గారి సంగతి. ఉద్యోగమే పేరైపోయింది ఈయనకి. కంపెనీ చేసే ప్రతి బేరంలో ఎక్కడైనా వడ్డీ వాసన ఉందేమో పట్టుకోవడం ఈయన పని. ఇంట్లోనూ అదే ముక్కు. సొంతంగా నాలుగు షేర్లు ఉన్నాయి. ఆ కంపెనీలు మందు అమ్మకూడదు, అప్పుల్లో మునిగి ఉండకూడదు. డివిడెండ్ వస్తే, ఆ లాభంలో ఏ మూలో చిటికెడు వడ్డీ కలిసి ఉంటుందని లెక్క కట్టి, ఆ చిటికెడూ తీసి ఎవరికో ఇచ్చేస్తాడు. పుణ్యం కోసం కూడా కాదట, శుభ్రం కోసమట. బియ్యంలో రాళ్లు ఏరినట్టు డబ్బులో రాళ్లు ఏరతారు మీరు అంటాను. కళ్లజోడు తుడుచుకుంటాడు. ఆ కళ్లజోడు నేను బిగించిందే. నేను పనిచేసే షాపుకి వచ్చి, పవర్ సరిగ్గా ఉందా లేదా అని నా చేత మూడుసార్లు చెక్ చేయించి, నాలుగోసారి పెళ్లి మాట ఎత్తిన మనిషి.

సంతకం ఒక్కటే చాలదు, అమ్మేవాళ్లు అమ్మాను అని నోటితో అనాలి, కొనేవాళ్లు కొన్నాను అనాలి అని ఆఫీసులో రూల్ పెట్టించింది కూడా ఈయనే. కౌంటర్లో ఒక అమ్మాయి ఉందట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మాను, అమ్మాను అంటూనే ఉంటుందట పాపం. నా పెళ్లిలోనూ అంతే, ఒప్పుకున్నానని నేను కబూల్ అన్నది ఎవరికీ వినపడలేదు, మళ్లీ అనిపించారు.

మొదటి నెల ఇంటికొచ్చి ఒక భాగం కొన్నానన్నాడు. ఏ భాగం అన్నాను. కూర చల్లారేదాకా చెప్పాడు. భాగం అంటే గోడో తలుపో కాదు, ప్రతి ఇటుకలోనూ ఇద్దరికీ వాటా ఉంటుంది, ఇది నాది అది నీది అని వేలు పెట్టి చూపించడం కుదరదు, అలా చూపించి కొంటే ఆ బేరమే చెల్లదు అన్నాడు. అంతా విని, సరే, ఈ నెల గుమ్మం అన్నాను. నెత్తి కొట్టుకున్నాడు.

మార్చి 3

ఇవాళ నేను అడగలేదు. చెప్పులు విప్పుతూ, ఎటో చూస్తూ, ఈ నెల వీధి తలుపు అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెల్లని మాట నోటితో అన్నందుకు లోపల ఎంత గింజుకున్నాడో. ఇంతకంటే పెద్ద ప్రేమలేఖ నాకు వద్దు.

మార్చి 19

స్కాన్. నాలుగో నెల. అంతా బాగుందన్నారు. బాబో పాపో డాక్టరు చెప్పలేదు గానీ పాపే అని నేను తీర్మానించేశాను.

ఇంటికొచ్చి చిన్న గదిలో నిలబడ్డాం. ఇస్త్రీ బల్ల, రెండు సూట్‌కేసులు, అటకెక్కని సామానంతా అందులోనే. ఈ గది పేరు మాత్రం ఇప్పుడే ఎత్తద్దు, పాప వచ్చిన నెల కొందాం, పాప కోసం, ఇది నా మాట అన్నాను. పసిపిల్ల పేరున ఏదైనా కొనాలంటే ముందు సంరక్షకుడు అని మొదలుపెట్టాడు. నోరు మూశాను, చేత్తోనే. చెయ్యి తీశాక, సరే, అయితే మూడో తారీకు లోపల రమ్మను పాపని అన్నాడు. ఈ సంవత్సరానికి ఈయన జోకు అయిపోయింది.

ఏప్రిల్ 3

మెట్లు.

ఏప్రిల్ 22

స్నానాలగది గోడలో పైపు పగిలింది. ప్లంబర్ వచ్చి, గోడ తవ్వాలి, ఇంటి ఓనర్ని ఓ మాట అడగండమ్మా అన్నాడు. ఓనరు కొంత మేమే, కొంత కంపెనీ అన్నాను. సుత్తి కింద పెట్టి, అయితే పైపు ఎవరి భాగంలో పగిలినట్టు అన్నాడు.

మా ఆడిటరుకి ఇంతకంటే ఏం కావాలి. ప్లంబర్ని కుర్చీలో కూర్చోబెట్టి మరీ చెప్పాడు. గోడ లోపలి పని కాబట్టి ఖర్చు ఇద్దరిదీ, ఎవరి భాగం కొద్దీ వాళ్లు పెట్టుకోవాలి, నష్టం పంచుకోనివాడు భాగస్వామి కాడు, వడ్డీ వ్యాపారి అన్నాడు. ప్లంబర్ చాలాసేపు తల ఊపాడు. ఈ ముక్క కాస్త మా తమ్ముడికి కూడా చెప్పండి సార్, ఫోన్ కలుపుతాను అన్నాడు. నిజంగానే కలిపాడు. ఈయన నిజంగానే చెప్పాడు. ఈలోగా నీళ్లు హాల్లోకి వచ్చాయి.

నష్టం పంచుకోనివాడు భాగస్వామి కాడు. మాట బాగుంది. రాసుకున్నాను.

మే 3

పడకగది కిటికీ. సెలవు రోజు చూసుకుని చిన్న గదికి లేత పసుపు రంగు వేశాడు. అంచుల దగ్గర టేపు అంటించి, గీత గీసినట్టు. మనది కాని గదికి మన రంగెందుకండీ అని ఏడిపించాను. ప్రతి ఇటుకలోనూ మనదీ ఉందిగా అన్నాడు. దొరకడు.

మే 31, ఉదయం 5.40

నొప్పులు. ఇంకా చాలా టైముంది కదా. ఇప్పుడే ఎందుకు. ఆయన టాక్సీ కోసం పరిగెత్తాడు, చొక్కా తిరగేసి తొడుక్కుని. నవ్వొస్తోంది, భయమేస్తోంది.

జూన్ 12

రాయలేను.

జూన్ 15

పుట్టింది. రెండు రోజులు ఉంది.

పాపే. నెలలు నిండలేదు, గాజుపెట్టెలో ఉంచారు. నా ఆపరేషన్ నొప్పి తగ్గకముందే నన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు. పక్కన ఉన్న కన్నంలోంచి వేలు పెట్టమన్నారు. పట్టుకుంది. ఊరికే తగిలిందని కాదు, పట్టుకుంది, నర్సు కూడా చూసింది. పేరు పెట్టాం. ఆ పేరు ఇక్కడ రాయను. కాగితం మీద పెడితే అరిగిపోతుందేమో అనిపిస్తోంది.

మూడో తారీకు పొద్దున్నే పోయింది.

నేను మంచం మీద ఉన్నాను, కదలకూడదన్నారు. ఆయనా, బావగారూ, ఇమాము గారూ తీసుకెళ్లారు. తెల్లగుడ్డ. ఎంత చిన్న మూటో. నలుగురు మోయాల్సిన పనే లేదు, ఆయన రెండు చేతుల మీదే పట్టుకుని తలుపు దాటాడు. తలుపు దగ్గర భుజం తగలకుండా పక్కకి తిరిగాడు, దానికి దెబ్బ తగులుతుందేమో అన్నట్టు.

మధ్యాహ్నానికి వస్తాడనుకున్నాను. బావగారొక్కరే వచ్చారు. ఆయనేరి అంటే నేల చూశారు. దారిలో ఆఫీసు దగ్గర దిగిపోయాడమ్మా, ఏదో పనుందన్నాడు అన్నారు. అక్క తన మొగుణ్ని మోచేత్తో పొడిచింది. నేను చూశాను.

సాయంత్రం వచ్చాడు. చెప్పులకి మట్టి అలాగే ఉంది. ఎక్కడికెళ్లారు అన్నాను. ఇవాళ ఆఖరు తేదీ కదా, భాగం కొనాలిగా అన్నాడు.

అంతే. మంచం పక్కన కూర్చుని నా దుప్పటి సర్దాడు.

నా బిడ్డని మట్టిలో పెట్టి, అదే కాళ్లతో వాయిదా కట్టడానికి వెళ్లాడు. ఒక రోజు ఆలస్యమైతే ఏమవుతుంది? చిన్న రుసుము పడుతుంది. దాన్ని కూడా కంపెనీ వాడుకోకూడదు, దానమిచ్చేయాలి, ఈ రూలూ ఆయన చెప్పిందే. ఎవరో బీదవాళ్ల నోట్లోకి నాలుగు మెతుకులు పోయేవి. ఒక్క రోజు ఆగలేకపోయాడు. ఎప్పుడూ ఆలస్యం చేయని మనిషి, ఆ రోజు కూడా చేయలేదు. నాకు పాలు పడ్డాయి. తాగేవాళ్లు లేరు. అది ఆయనకి తెలుసా? అడిగాడా?

ఏ భాగం కొన్నారని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

జూన్ 28

రోజుకి మూడు జతల బట్టలు తడుస్తున్నాయి. ఉతుక్కోవడమే పని.

జులై 3

ఆయన వచ్చాడు, చెప్పులు విప్పాడు, భాగం పేరు చెప్పలేదు. ఆట అయిపోయింది.

జులై 18

ఒక వింత చూశాను. తెల్లవారి నమాజు హాల్లో చేసుకునేవాడు. ఇప్పుడు చిన్న గదిలో చేసుకుంటున్నాడు. లోపలికి వెళ్లే ముందు వేలి కణుపుతో తలుపు మీద రెండుసార్లు కొడతాడు. కాస్త ఆగుతాడు. అప్పుడు తీసుకుని వెళ్తాడు.

ఖాళీ గది. ఇస్త్రీ బల్ల తలుపు తీస్తుందనుకుంటున్నాడా?

నేను లోపల ఉన్నానేమోనని భయం కాబోలు. నా మొహం చూడకుండా అల్లాతో మాట్లాడుకోవడానికి మంచి చోటు చూసుకున్నాడు. మాట్లాడుకోనీ. నాతో మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆగస్టు 6

షాపుకి వెళ్లడం మొదలుపెట్టాను. ఇవాళ ఒక టీచరమ్మ కళ్లజోడుకి కుడి లెన్స్ ఎడమకీ, ఎడమది కుడికీ బిగించాను. ఆవిడ పెట్టుకుని నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంది. షాపు ఓనరు చూశాడు. తనే స్క్రూలు విప్పి మార్చి, నీ ముందు టీ పెట్టి అరగంటయింది, ముందది తాగమ్మా అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. మంచిగా మాట్లాడితే తట్టుకోలేకపోతున్నాను.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన ఒక్కసారి నా ఎదురుగా దాని పేరు పలకాలి. ఒక్కసారి ఏడవాలి. ఇద్దరికీ పుట్టింది కదా. అది జరిగితే నేను ఈ ఇంట్లో ఉండగలను. జరగకపోతే ఉండలేను.

ఆగస్టు 21

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఇంట్లోంచే లాప్‌టాప్‌లో క్లాసు చెప్తున్నాడు. నేను గిన్నెలు తోముతున్నాను. లాభం ఎలా పంచుకోవాలో ముందే మాట్లాడుకోవచ్చు, ఎవరికెంత అన్నది మన ఇష్టం, కానీ నష్టం అలా కాదు, పెట్టుబడి ఎవరిదెంతో అంత వాళ్లు మోయాల్సిందే, ఒకరు తప్పించుకుని రెండోవాళ్ల నెత్తిన పెట్టకూడదు అంటున్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందో. ఎవరో ప్రశ్న అడిగితే నవ్వాడు కూడా.

సబ్బు చేతులతోనే వెళ్లి వెనకాల నిలబడ్డాను. తెరమీద చిన్న చిన్న మొహాలు. నష్టం మోయని భాగస్వామిని ఏం చేయాలో అది కూడా చెప్పండి సార్ అన్నాను. మొహాలన్నీ కదలడం మానేశాయి.

మైకు ఆపాడు. నా వైపు తిరగలేదు. ఇష్టం లేకపోతే భాగస్వామి ఎప్పుడైనా విడిపోవచ్చు, బలవంతంగా ఉంచకూడదు అన్నాడు. రూలు చెప్పాడు. ఆ క్షణంలో కూడా రూలే చెప్పాడు.

సెప్టెంబర్ 10

అక్క వచ్చింది. వంటింట్లో నా పక్కన నిలబడి గొంతు తగ్గించకుండానే మాట్లాడుతుంది ఎప్పుడూ. వడ్డీ వద్దన్నాడు, బాగుంది, ఎవరు అడిగారు, మనం నాలుగు మాటలు ఇస్తే తిరిగి నాలుగైనా ఇవ్వాలా వద్దా, అసలుకే ఎగనామం పెట్టే మొగుడితో ఎలా వేగుతున్నావే అంది. ఆయన హాల్లోనే ఉన్నాడు. పేపరు మడిచి బయటికి వెళ్లిపోయాడు.

చాలా రోజుల తర్వాత నవ్వాను. నవ్వాక అక్క భుజం మీద తల పెట్టి ఎంతసేపు ఏడ్చానో, పొయ్యి మీద పప్పు మాడింది.

సెప్టెంబర్ 27

వేరే ఊళ్లో కంపెనీ కొత్త బ్రాంచి తెరుస్తోంది. ఆయన్ని రమ్మన్నారట. అన్నం తింటూ చెప్పాడు.

మీరు వెళ్లండి, నేను రాను అన్నాను. తాత్కాలికంగానా అన్నాడు. కాదు అన్నాను. విడిపోదాం, మీ రూలే కదా అన్నాను. చెయ్యి కంచంలో అలాగే ఆగింది. అరుస్తాడేమో, కాళ్లావేళ్లా పడతాడేమో, ఏదో ఒకటి చేస్తాడేమో అని చూశాను. నీ ఇష్టం అన్నాడు. కంచం కడిగి పెట్టి వెళ్లాడు.

ఒక్క మాట. నాకు ఒక్క మాట చాలేది.

అక్టోబర్ 3

ఈ నెల భాగం కొనలేదు. అద్దె మాత్రం కట్టాం.

అక్టోబర్ 16

మాట్లాడుకున్నాం, బల్లకి అటూ ఇటూ కూర్చుని. నా జీతంతో ఈ ఇల్లు నడవదు. ఆయన రెండు చోట్ల అద్దె కట్టలేడు. మా భాగాలు కంపెనీకే తిరిగి అమ్మేసి సగం సగం తీసుకోవాలి. నేను అక్క దగ్గరికి వెళ్తాను. పెళ్లి కాగితాల సంగతి ఇమాము గారితో ఆయన మాట్లాడతాడు. అమ్మేటప్పుడు ఇద్దరం ఆఫీసుకి వెళ్లి నోటితో చెప్పాలి. మూడో తారీకున.

గొడవే లేదు. ఎంత మర్యాదగా ఉన్నామో. పక్కింటివాళ్లు చూస్తే మెచ్చుకునేవాళ్లు.

నవంబర్ 3, సాయంత్రం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ఆఫీసుకి వెళ్లాం. ఆయన ముందు, నేను వెనక. నేనెప్పుడూ రాలేదు ఇక్కడికి, నెలనెలా ఆయనే వచ్చేవాడు. కౌంటర్‌కి గాజు, గాజుకి గుండ్రటి కన్నం, దాని కింద చేతులు ఆనించి ఆనించి రంగు పోయిన చెక్క. కాగితాలన్నీ ముందే తయారు చేశారు. ఇక నోటితో అనడమే మిగిలింది.

కౌంటరమ్మాయి ఆయన్ని చూసింది, నన్ను చూసింది. గొంతు తగ్గించి, ఆ గది కూడానా మేడమ్ అని అడిగింది. ఆ గది అనలేదు. పేరు పెట్టి అంది. పేరు చెప్పి, గది కూడానా అంది.

నా బిడ్డ పేరు. నేను ఈ పుస్తకంలో కూడా రాయని పేరు. మా ఇంట్లో ఇన్నాళ్లుగా ఎవరూ పైకి అనని పేరు, ఆ గాజు కన్నంలోంచి ఎవరో పరాయి అమ్మాయి గొంతులో వచ్చింది.

ఆ పేరు నీకెవరు చెప్పారు అన్నాను. భయపడిపోయింది. సార్ చెప్పారు మేడమ్, జూన్‌లో, ఆ రోజు అంది. మీకు తెలుసనుకున్నాను అంది. చెప్పమన్నాను. చెప్పింది.

ఆ రోజు ఆయన వచ్చేసరికి లైన్లో ఎవరూ లేరట. కాళ్లకి మట్టి ఉందట. చేతులు కౌంటర్ మీద పెడితే గోళ్లలో కూడా మట్టేనట. ఎప్పటిలాగే ఈ అమ్మాయి, ఒక భాగం అమ్మాను సార్ అందట. ఆయన కొన్నాను అనలేదట. అలా కాదమ్మా, చిన్న గది అమ్మాను అను అన్నాడట. ఈ అమ్మాయికి ఏం అర్థం కాలేదట. అలా గది చూపించి అమ్మకూడదని మీరే కదా సార్ మాకు క్లాసులో చెప్పారు, అలా అంటే చెల్లదు కదా అందట. తెలుసమ్మా, చెల్లదు, అయినా అను అన్నాడట.

చిన్న గది అమ్మాను అని ఈ అమ్మాయి అందట. మా అమ్మాయి కోసం కొన్నాను అని ఆయన, పేరు పెట్టి, మూడుసార్లు అన్నాడట. తర్వాత గోడ వైపు తిరిగి నిలబడిపోయాడట. కుర్చీ వేస్తే కూర్చోలేదట, టీ తెప్పిస్తే తాగలేదట. ఏమైంది సార్ అంటే, ఇవాళ పొద్దున్న పోయిందమ్మా, అద్దె ఇంటి పిల్లగా పోకూడదు, ఈ నెల గది కొంటామని వాళ్లమ్మ మాటిచ్చింది అన్నాడట.

వాళ్లమ్మ మాటిచ్చింది.

నేను తిరిగి చూశాను. నీళ్ల డబ్బా పక్కన ఖాళీ గ్లాసు పట్టుకుని తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉన్నాడు. నాకెందుకు చెప్పలేదు అన్నాను. గట్టిగానే అన్నాను, అందరూ తిరిగి చూశారు. చెల్లని బేరం, ఏమని చెప్పను అన్నాడు. గ్లాసు రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. ఏ భాగం అని అడుగుతావనుకున్నాను, ప్రతి నెలా అడిగేదానివి కదా, అడిగితే చెబుదామనుకున్నాను, అడగలేదు అన్నాడు.

అడగలేదు. నేను అడగలేదు.

తలుపు ఎందుకు కొట్టేవాడో అప్పుడు తెలిసింది. ఇంకొకరి గదిలోకి అడగకుండా వెళ్లకూడదు కదా.

కౌంటరమ్మాయి ఎదురుచూస్తోంది. అమ్మాను అనాలి. గాజులో నా మొహం కనిపిస్తోంది, వెనక ఆయనది. చివరికి, చిన్న గది తప్ప అంతా అమ్మాను అన్నాను. అలా అనకూడదని నాకు తెలుసు. ఏడాదిగా వింటున్నాను, ప్రతి ఇటుకలోనూ అందరికీ వాటా ఉంటుందని. ఆయన సరిదిద్దుతాడని ఆగాను. సరిదిద్దలేదు. వచ్చి నా పక్కన నిలబడి, చిన్న గది తప్ప అంతా అమ్మాను అన్నాడు.

ఆ అమ్మాయి మేనేజరుని పిలిచింది. మేనేజరు వచ్చి బుర్ర గోక్కున్నాడు. గది అని రాయడం కుదరదు, కావాలంటే వందలో ఒక్క భాగం మీ ఇద్దరి పేరున ఉంచుకోండి, కానీ ఏం లాభం, ఇల్లు అద్దెకిచ్చి నెలనెలా వందో వంతు మీకు పంపాలి, మాకా శ్రమ ఎందుకు, అది కూడా అమ్మేయండి అన్నాడు. భాగస్వామి చేత బలవంతంగా అమ్మించకూడదు అన్నాడు ఆయన. మెల్లగానే అన్నాడు. ఆ రూల్ రాసింది ఆయనే కాబట్టి మేనేజరుకి ఒప్పుకోక తప్పలేదు. కాగితాలు మళ్లీ టైపు చేశారు. వాటిల్లో ఒక భాగం అని ఉంది. కొన్నాను అనేటప్పుడు మాత్రం కౌంటరమ్మాయి, చిన్న గది తప్ప అంతా కొన్నాను అంది, కళ్లు తుడుచుకుంటూ.

బయటికొచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. ఆయన రెండు మెట్లు కింద కూర్చున్నాడు. దాని పేరు పలికాడు. ఏడ్చాడు. మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి. వెళ్లేవాళ్లు పక్కనుంచి దారి చేసుకుని వెళ్లారు.

నాకు కావలసింది ఇదొక్కటే అని ఆగస్టులో రాసుకున్నాను. వచ్చింది. వచ్చాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఒకే ఇంట్లో, ఒకే నష్టాన్ని, గోడకి అటొకరూ ఇటొకరూ మోస్తూ ఐదు నెలలు గడిపాం. ఆయన భుజం మీద చెయ్యి వేద్దామని చాచాను. చొక్కాకి తగిలింది. వెనక్కి తీసుకున్నాను.

నవంబర్ 7

ఇల్లు ఖాళీ చేశాం. ఉండిపొండి అని నేను అనలేదు. ఉండనా అని ఆయన అడగలేదు. రాత్రంతా ఆ మాట నా నోటిదాకా వచ్చి వెళ్లింది. కానీ జూన్ నుంచి నాలో ఏదో గట్టిపడిపోయింది, ఒక్క రోజు ఏడుపుకి అది కరగదు. కరిగితే బాగుండు. నిజంగా బాగుండు.

టాక్సీ వచ్చాక, సూట్‌కేసు కింద పెట్టి, చిన్న గది తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఆగాం. మామూలుగా ఆగేదానికంటే ఎక్కువసేపే ఆగాం.

లోపలికి వెళ్లలేదు. ఇద్దరం.

డిసెంబర్ 14

ఇంట్లోకి ఎవరో దిగారట. అక్క వద్దన్నా వెళ్లి చూసొచ్చింది. చిన్న గదిలో సైకిలు పెట్టుకున్నారు, పసుపు రంగు మాత్రం అలాగే ఉంది అంది. నన్ను చూసి నాలిక కరుచుకుంది. పరవాలేదక్కా అన్నాను. గది ఊరికే పాడుపడకుండా ఉంది.

జనవరి 3

అద్దె వచ్చింది. వందో వంతు. కిలో పప్పుకి సరిపోదు.

మా అమ్మాయి తొలి సంపాదన.

సగం వాళ్ల నాన్నకి పంపాను.